చివరి ఆయకట్టుకు నీరందుతోందా?

నాగార్జునసాగర్ ఎడమ కాలువ, కాగితాల మీద లాల్‌బహదూర్ కాలువ, నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాల పొలాలను తడుపుకుంటూ వచ్చి, మిగిలితే తిరువూరు, నూజివీడు వైపు భూములకు చేరాలి. గంపలగూడెం మండలంలో వేణుగోపాలస్వామి గుడితో పేరుపడ్డ నెమలి ఈ చివరి ప్రాంతంలోని ఊరే. ఇక్కడి రైతుకు కాలువ వెడల్పు చూపించి నీళ్ల సంగతి నమ్మించలేం. వానలు పడుతూ ఎవరికీ నీళ్లక్కర్లేని రోజున ఏ కాలువైనా నిండుగానే కనిపిస్తుంది. పైవాళ్లంతా నాట్లకు దిగి తూములన్నీ ఎత్తిన వారంలో తన బోదెలోకి ఎంత దిగుతోందన్నదే అతనికి లెక్క.

అదే మనిషి విజయవాడకో ఖమ్మానికో వెళ్లి గుండె పరీక్ష చేయించుకుని వస్తే మాట మారిపోతుంది. "యాంజియో తీశారు, రెండు బ్లాకులున్నాయంట, ఒకటి డెబ్బై శాతం" అంటాడు. వినేవాళ్లు కూడా అంకె విని గుండెలు పట్టుకుంటారు. డెబ్బై శాతం అన్నది నాళం లోపలి ఆకారాన్ని గురించిన మాట. ఆ నాళం గుండా కండరానికి ఎంత రక్తం చేరుతోంది, పరుగెత్తినప్పుడు ఎంత చేరగలదు అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి వైద్యులకు, భౌతికశాస్త్రవేత్తలకు, ఇంజనీర్లకు కలిపి వందేళ్లకు పైగా పట్టింది.

ముందు పరిమాణం సంగతి చూద్దాం. నీటిపారుదల వాళ్లు క్యూసెక్కుల్లో మాట్లాడతారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు. విశ్రాంతిగా కూర్చున్న పెద్ద మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. లెక్క వేస్తే 340 గుండెలు కలిపి కొట్టుకుంటే ఒక్క క్యూసెక్కు. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వదిలారు. అంత ప్రవాహం రావాలంటే దాదాపు 39 కోట్ల గుండెలు కావాలి. కొలత చిన్నదే అయినా సూత్రం ఒకటే: ప్రవాహం కావాలంటే దారి అడ్డుకోత వైశాల్యాన్ని వేగంతో గుణించాలి. కాలువ దగ్గర వైశాల్యానికి టేపు చాలు, వేగానికి కరెంటుమీటరు దించితే సరి. గుండె పక్కటెముకల వెనక, ఊపిరితిత్తుల మధ్య, నిమిషానికి 72 సార్లు ముడుచుకుంటూ ఉంటుంది. దాన్లోకి మీటరు దించడమెలా?

వేగాన్ని బయటినుంచే కొలిచే ఉపాయం 1842లో ప్రాగ్ నగరంలో పుట్టింది. క్రిస్టియన్ డాప్లర్ అప్పుడు ఆలోచిస్తున్నది జంట నక్షత్రాల రంగుల గురించి. తరంగాన్ని పంపే వస్తువు మనవైపు వస్తుంటే పౌనఃపున్యం పెరిగినట్టు, దూరంగా పోతుంటే తగ్గినట్టు తోస్తుందని ఆయన వాదం. నక్షత్రాల రంగుల విషయంలో ఆయన చెప్పింది తప్పు, సూత్రం మాత్రం ఒప్పు. మూడేళ్ల తర్వాత నెదర్లాండ్స్‌లో బైస్ బాలట్ అనే శాస్త్రవేత్త ఉట్రెక్ట్ దగ్గర రైలింజను తగిలించిన బండి మీద బాకా వాయించేవాళ్లను ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్న సంగీతకారులను నిలబెట్టి, శ్రుతి మారుతోందా అని విననిచ్చాడు. మారింది. విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఇంతకంటే సరదా అయిన ప్రయోగం నాకు తెలియదు.

గుండె ప్రతిధ్వనిని మొదట పట్టింది స్వీడన్‌లో. లుండ్ నగరంలో హృద్రోగ వైద్యుడు ఇంగె ఎడ్లెర్, భౌతికశాస్త్రవేత్త హెల్ముట్ హెర్ట్స్ కలిసి, ఓడలు కట్టేచోట లోహపు అతుకుల్లో పగుళ్లు వెతికే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని అరువు తెచ్చుకుని 1953 అక్టోబరు 29న గుండె గోడల ప్రతిధ్వనిని నమోదు చేశారు. మన ఊళ్లలో అందరూ అనే టూడీ ఎకోకు మూలం అదే. కానీ అది గోడల కదలిక; రక్తం కదలిక కాదు. ఆ రెండో పనికి దారి చూపింది జపాన్‌లో ఒసాకాకు చెందిన షిగెయో సతోమురా. 1950లలోనే ఆయన డాప్లర్ సూత్రంతో గుండె కవాటాల కదలికను, తర్వాత రక్తప్రవాహాన్ని వినగలిగాడు. 1960 ప్రాంతంలోనే చనిపోయాడు. తన పద్ధతి ప్రపంచమంతా పాకడం చూడలేదు.

ధ్వనిని వెనక్కి పంపేది ఎర్ర రక్తకణాలు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో నూరోవంతుకంటే చిన్నది, అయినా కోట్ల సంఖ్యలో కలిసి చెదరగొట్టిన ధ్వనిని ప్రోబ్ పట్టుకోగలదు. ఇప్పుడు నదుల్లో ప్రవాహం కొలిచే కొత్త పరికరాలు కూడా సరిగ్గా ఇదే పని చేస్తాయి: పడవ కిందినుంచి ధ్వనిని పంపి, నీటిలో తేలే మట్టి రేణువుల నుంచి తిరిగొచ్చే ధ్వనిలోని తేడాతో వేగం తేలుస్తాయి.

శరీరంలో ధ్వని వేగాన్ని సెకనుకు 1540 మీటర్లుగా తీసుకుంటారు. 25 లక్షల హెర్ట్‌జ్‌ల ధ్వనిని పంపితే, సెకనుకు మీటరు వేగంతో ప్రోబ్ వైపు వచ్చే రక్తం దాన్ని సుమారు 3,250 హెర్ట్‌జ్‌లు పెంచి తిప్పిపంపుతుంది. ఆ తేడా మనిషి చెవికి వినపడే పరిధిలోనే పడడం కేవలం అదృష్టం. ఎకో గదిలో యంత్రం నుంచి వచ్చే 'హుష్, హుష్' అన్న చప్పుడు గుండె లబ్‌డబ్ అనుకుంటారు చాలామంది. అది రక్తం వేగం శబ్దరూపం. అనుభవమున్న వైద్యులు తెర చూడకముందే ఆ చప్పుడు విని బిగుసుకున్న వాల్వును అనుమానిస్తారు. తెర మీది రంగులు 1980ల తొలినాళ్లలో జపాన్ పరిశోధకులు తెచ్చినవి. వాటిమీద కూడా ఒక అపోహ ఉంది: ఎరుపు మంచి రక్తం, నీలం చెడు రక్తం అని. ప్రోబ్ వైపు వచ్చేది ఎరుపు, దూరంగా పోయేది నీలం, అంతే. ప్రోబ్ తిప్పి పెడితే అదే రక్తం రంగు మారుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ధ్వని కిరణం రక్తం పారే దిశలోనే ఉంటే వేగం పూర్తిగా తెలుస్తుంది. 20 డిగ్రీలు పక్కకు తప్పితే 6 శాతం తగ్గించి చూపుతుంది. 60 డిగ్రీలు తప్పితే సగమే చూపుతుంది. అడ్డంగా పెడితే రక్తం ఆగిపోయినట్టే. ఎకో చేసే వాళ్లు రోగిని ఎడమవైపుకు తిరిగి పడుకోమని, ఊపిరి బిగపట్టమని, ప్రోబ్‌ను రొమ్ము కింద, మెడ గుంటలో, పొట్ట పైభాగాన ఒత్తుతూ వెతుకుతూ ఉంటారు. అంతసేపు వెతుకులాట ఆ కోణం కోసం. పది నిమిషాల్లో అయిపోయిన ఎకో చూసి "భలే తొందరగా చేశారు" అని మురిసిపోవడం ఎప్పుడూ సబబు కాదు.

వైశాల్యం దగ్గర ఇంకో తిరకాసు. ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికి పోయే దారి వ్యాసం 2 సెంటీమీటర్లు ఉందనుకోండి. వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో స్పందనకు రక్తం ఆ దారిలో 20 సెంటీమీటర్లు ముందుకు సాగుతోందని డాప్లర్ చెప్పింది. రెండింటినీ గుణిస్తే స్పందనకు 63 మిల్లీలీటర్లు; నిమిషానికి 72 స్పందనలైతే నాలుగున్నర లీటర్లు. ఇప్పుడు అదే దారిని 1.8 సెంటీమీటర్లుగా కొలిచారనుకోండి. తేడా 2 మిల్లీమీటర్లే. కానీ వ్యాసాన్ని వర్గం చేస్తాం కాబట్టి వైశాల్యం 19 శాతం పడిపోతుంది. నాలుగున్నర లీటర్లు 3.7 లీటర్లకు దిగుతాయి. తెర మీద మౌస్ కాస్త జరిగినందుకు ఒకరి గుండె బలహీనపడిపోయింది! వరుసగా రెండు ఎకోల్లో అంకెలు కొంచెం మారితే జబ్బు ముదిరిందని కుంగిపోవడానికి ముందు ఈ లెక్క గుర్తు చేసుకోవాలి.

వేగం నుంచి ఇంకొక విలువైన అంకె వస్తుంది: పీడనం తేడా. ఇరుకు దారిలో ద్రవం వేగం పుంజుకుంటుంది. ఆ వేగానికి ఎంత పీడనం ఖర్చయిందో బెర్నూలీ సూత్రం చెబుతుంది. గుండె విషయంలో దాన్ని కుదిస్తే ఆశ్చర్యపడేంత చిన్న లెక్క మిగులుతుంది: వేగాన్ని వర్గం చేసి 4తో గుణించడమే. బృహద్ధమని కవాటం గుండా రక్తం సెకనుకు 4 మీటర్ల వేగంతో దూసుకొస్తుంటే పీడనం తేడా 64 మిల్లీమీటర్ల పాదరసం. నార్వేలో హోలెన్ బృందం 1976లోను, ట్రాండ్‌హైమ్‌లో లివ్ హాట్లె, బ్యోర్న్ ఆంగెల్సెన్ 1978లోను మిట్రల్ కవాటం బిగుసుకున్న రోగుల్లో దీన్ని నిరూపించారు. అంతకుముందు ఈ అంకె కావాలంటే తొడ నుంచో చేతి నుంచో గొట్టం గుండెలోకి పంపాల్సిందే. గొట్టం పద్ధతికి లెక్క కట్టింది 1951లో అమెరికాలో రిచర్డ్ గోర్లిన్ అనే వైద్యుడు, ఇంజనీరైన తన తండ్రితో కలిసి. ఆ వ్యాసం పేరులోనే 'హైడ్రాలిక్' ఉంది. కవాట వైద్యం సాగునీటి శాస్త్రానికి ఎంత రుణపడిందో చెప్పడానికి ఆ తండ్రీకొడుకుల పేర్లు చాలు.

మిట్రల్ కవాటం బిగుసుకోవడం మన దగ్గర పాశ్చాత్య దేశాల్లోలా కాదు. చిన్నప్పుడు గొంతునొప్పిగా వచ్చి, కీళ్లవాతంగా మారి, చివరికి కవాటాలను అతికించేసే రుమాటిక్ జ్వరం దానికి కారణం. భారతదేశంలో ఇది ఇరవై ఏళ్లు నిండకముందే తీవ్రరూపం దాలుస్తోందని సుజయ్ బి. రాయ్ 1963లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. చాలామంది అమ్మాయిల్లో ఈ జబ్బు పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడే బయటపడుతుంది. కారణం ప్రవాహమే. గర్భంలో గుండె పంపే రక్తం 30 నుంచి 50 శాతం పెరుగుతుంది, కొట్టుకునే వేగమూ పెరుగుతుంది. కవాటం నిన్న ఉన్నంతే ఉంది, దాని గుండా పోవాల్సిన రక్తం మాత్రం పెరిగింది. పీడనం వెనక్కి ఊపిరితిత్తుల్లోకి తన్ని ఆయాసం మొదలవుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది కదమ్మా" అని అత్తగారు ఆశ్చర్యపోతుంది. ఈ దశలో ఎక్స్‌రే వద్దు, రంగుమందు వద్దు; డాప్లర్ ఒక్కటే పరీక్ష మంచం దగ్గరికి వచ్చి మొత్తం లెక్క చెప్పగలదు.

పిల్లల గుండెలో రంధ్రానికీ ఇదే కొలత. ఊపిరితిత్తులకు పోయే ప్రవాహాన్ని శరీరానికి పోయే ప్రవాహంతో భాగిస్తారు. మామూలుగా అది 1 ఉండాలి. శరీరానికి 4 లీటర్లు, ఊపిరితిత్తులకు 8 లీటర్లు పోతుంటే 2. ఒకటిన్నర దాటితే సాధారణంగా రంధ్రం మూయడం గురించి ఆలోచిస్తారు. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ తర్వాత టూడీ ఎకో కాగితం మన పల్లెల్లో రేషన్‌కార్డు పక్కన భద్రంగా దాచుకునే వస్తువైంది. ఆ కాగితంలో రంధ్రం మిల్లీమీటర్లు చూసి అందరూ మాట్లాడతారు. ఈ భాగహారం ఉన్న వరుసను చదివేవాళ్లు తక్కువ.

ఇక గుండె కండరానికి రక్తం తెచ్చే హృద్ధమనులు. 3 మిల్లీమీటర్ల సన్నని నాళాలు, కొట్టుకునే గుండె మీద అటూ ఇటూ ఊగుతూ ఉంటాయి. బయటినుంచి డాప్లర్‌కు ఇవి సరిగా చిక్కవు. ఇక్కడ ఎక్స్‌రేదే రాజ్యం. 1958 అక్టోబరు 30న క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ బృహద్ధమనిలోకి రంగుమందు ఎక్కించబోతే, గొట్టం జారి మందంతా కుడి హృద్ధమనిలోకి పోయింది. గుండె కొద్ది సెకన్లు ఆగి మళ్లీ కొట్టుకుంది. సోన్స్ మొదట భయపడ్డాడు, తర్వాత ఆ బొమ్మ చూసి తాను ఏమి కనిపెట్టాడో గ్రహించాడు. యాంజియోగ్రామ్ అలా పుట్టింది.

అక్కడినుంచి హృద్రోగ వైద్యం బొమ్మల మాయలో పడిందని నాకనిపిస్తుంది. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, న్యూయార్క్‌లో పేరు తెచ్చుకుని, తిరిగొచ్చి హైదరాబాదు నిమ్స్‌ను నడిపిన కాకర్ల సుబ్బారావు గారు ఎముకల ఎక్స్‌రే చదవడంలో దిట్ట. ఎముకకు ఆకారమే సగం చరిత్ర. విరిగిందా, అరిగిందా బొమ్మే చెబుతుంది. నాళానికి ఆ సూత్రం పనికిరాదు. 1974లో అమెరికాలో లాన్స్ గౌల్డ్ కుక్కల హృద్ధమనులను కొంచెం కొంచెంగా బిగిస్తూ చూశాడు. విశ్రాంతిలో ఉన్నప్పుడు నాళం 85 శాతం వరకు ఇరుకైనా ప్రవాహం తగ్గలేదు, ఎందుకంటే దిగువన ఉండే చిన్న నాళాలు విచ్చుకుని లోటు భర్తీ చేశాయి. కానీ ఆ చిన్న నాళాలన్నిటినీ మందుతో పూర్తిగా తెరిపించి గరిష్ఠ ప్రవాహం అడిగినప్పుడు, 30 నుంచి 45 శాతం ఇరుకు దగ్గరే తగ్గుదల మొదలైంది. తూములన్నీ ఎత్తిన రోజే కాలువ అసలు బలం బయటపడుతుందని చివరి రైతుకు ఎప్పుడో తెలిసిన సంగతి ఇది.

ఈ ఆలోచననే 1990ల్లో నెదర్లాండ్స్ వైద్యుడు నీకో పెయిల్స్, బెల్జియం వైద్యుడు బెర్నార్డ్ డి బ్రైన్ క్యాథ్‌ల్యాబ్‌లోకి తెచ్చారు. చాలా సన్నని తీగ కొస దగ్గర పీడనం కొలిచే సెన్సర్ తగిలించి బ్లాకు దాటించి అవతలకు పంపుతారు. అడెనోసిన్ అనే మందుతో చిన్న నాళాలన్నీ తెరిపిస్తారు. బ్లాకు అవతలి పీడనాన్ని బృహద్ధమని పీడనంతో భాగిస్తారు. ఎగువన 100, దిగువన 75 ఉంటే 0.75. అది 0.80 లేదా అంతకు తక్కువైతే ఆ బ్లాకు కండరానికి నిజంగా రక్తం తగ్గిస్తోందన్నమాట. దీన్ని ఎఫ్ఎఫ్ఆర్ అంటారు.

2009లో వెలువడిన ఫేమ్ అనే అధ్యయనంలో, ఒకటి కంటే ఎక్కువ నాళాల్లో బ్లాకులున్న 1,005 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు బొమ్మ చూసి, నాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్లు వేశారు. సగటున మనిషికి 2.7. రెండో జట్టుకు తీగతో కొలిచి, అవసరమైన చోటే వేశారు, 1.9. ఏడాది తిరిగేసరికి మరణం, గుండెపోటు, మళ్లీ ప్రక్రియ అవసరపడటం, ఇవన్నీ కలిపి మొదటి జట్టులో 18.3 శాతం, రెండో జట్టులో 13.2 శాతం. తక్కువ స్టెంట్లు వేసినవాళ్లే బాగున్నారు. ఆ కొలతల్లోనే ఇంకొకటి తేలింది. బొమ్మలో 50 నుంచి 70 శాతం అనిపించిన బ్లాకుల్లో రక్తాన్ని నిజంగా తగ్గించేవి మూడోవంతు మాత్రమే, 35 శాతం. 71 నుంచి 90 శాతం అనుకున్న వాటిలో కూడా ప్రతి ఐదింట ఒకటి నిర్దోషి. 90 దాటిన వాటి దగ్గర మాత్రం కన్ను పెద్దగా తప్పలేదు.

మన దగ్గర స్టెంట్ చర్చ ఎప్పుడూ ధర చుట్టూ తిరిగింది. డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి 1990ల్లో చవక స్టెంట్ తయారుచేయించారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూతలేని స్టెంట్‌కు 7,260 రూపాయలు, పూతవున్న దానికి 29,600 రూపాయలు అని గరిష్ఠ ధర కట్టింది. రెండూ మంచి పనులే. కానీ చవకగా దొరికిన స్టెంట్ అక్కర్లేని చోట పడితే ఏమి లాభం? ఆ సంగతి తేల్చే తీగకు అదనంగా ఖర్చవుతుంది, కాసింత సమయం పడుతుంది. ఆ ఖర్చు మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

ఒక హెచ్చరిక తప్పదు. ఇదంతా నిలకడగా ఉన్న ఛాతీనొప్పి సంగతి. గుండెపోటు వచ్చి నాళం పూర్తిగా మూసుకుపోయినప్పుడు కొలతలతో కాలయాపన పనికిరాదు, తెరవడమే వైద్యం. అప్పుడు ప్రవాహాన్ని కంటితోనే 0 నుంచి 3 వరకు అంచెలుగా లెక్కిస్తారు: రంగుమందు అసలు పోకపోతే 0, చివరిదాకా మామూలు వేగంతో పోతే 3. 1980ల నాటి ఈ ముతక కొలత ఇప్పటికీ చెల్లుతోంది.

తీగ వేయకుండానే సీటీ స్కాన్ బొమ్మ నుంచి కంప్యూటర్‌తో ప్రవాహ సమీకరణాలు సాధించి ఎఫ్ఎఫ్ఆర్ అంచనా కట్టే పద్ధతికి 2014లో అమెరికా అనుమతి దొరికింది. మామూలు యాంజియో బొమ్మ నుంచే అదే పని చేసే ఇంకో పద్ధతి యూరప్‌లో 2024లో ప్రచురించిన పెద్ద పోలికలో తీగకు సాటి రాలేకపోయింది. బొమ్మ నుంచి కట్టిన అంచనా ఇంకా కొలతకు బదులు కాలేదు.

తిరువూరు ప్రాంతంలో ఈ పద్ధతుల మధ్య ఎంపికకు మరో కారణం కూడా ఉంది. పక్కనే ఏ.కొండూరు మండలం తండాల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఏళ్లుగా జనాన్ని పీడిస్తోంది. యాంజియోకు, సీటీకి వాడే అయోడిన్ రంగుమందు బలహీనమైన కిడ్నీలను ఇంకా దెబ్బతీయగలదు. అందుకే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా సాధారణంగా మందు ఎక్కించరు. ఎమ్మారైలో వాడే గడోలినియం కూడా కిడ్నీలు బాగా చెడినవారిలో చర్మాన్ని, కీళ్లను బిగదీసే జబ్బు తెస్తుందని 2006లో బయటపడ్డాక దాని వాడకం మీద ఆంక్షలు వచ్చాయి. డాప్లర్‌కు ఏ మందూ అక్కర్లేదు. ఎమ్మారైలోనే ఫేజ్ కాంట్రాస్ట్ అనే పద్ధతికి కూడా అక్కర్లేదు, పేరులో కాంట్రాస్ట్ ఉన్నా. రక్తంలోని హైడ్రోజన్ కేంద్రకాలు అయస్కాంత క్షేత్రపు వాలులో కదిలినప్పుడు వాటి సంకేతం దశ మారుతుంది. మార్పు వేగంతో పాటే పెరుగుతుంది. నాళం అడ్డుకోతలో చుక్క చుక్కకూ వేగం తెలిసిపోతుంది కనుక వ్యాసం కొలిచి వర్గం చేసే తలనొప్పి లేదు, ప్రోబ్ కోణం బాధ లేదు. బృహద్ధమనికి ఒకసారి, ఊపిరితిత్తుల ధమనికి ఒకసారి చేస్తే పిల్లల రంధ్రం లెక్క కూడా అందులోనే వస్తుంది. ఎంత వేగం వరకు కొలవాలో ముందే యంత్రానికి చెప్పాలి. రక్తం అంతకు మించి పరుగెడితే అంకె తలకిందులై వెనక్కి పారుతున్నట్టు చూపుతుంది. గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో, అంటే రుమాటిక్ మిట్రల్ జబ్బు ముదిరిన చాలామందిలో, ఎన్నో స్పందనలను కలిపి బొమ్మ కట్టే ఈ పద్ధతి తడబడుతుంది. వాళ్లకు మళ్లీ ఎకో గదే దిక్కు. అక్కడ కూడా ఒక్క స్పందన చూసి వదలకుండా, అయిదో పదో వరుస స్పందనలు కొలిచి సగటు తీసుకోవాలి.